మనుషులు తమను, ఎదుటివారిని చూసే తీరును ఇంగ్లీషు ఎలా చెబుతుంది?

సరళరేఖ

అందరికీ నమస్కారం. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. విషయం ఎంత క్లిష్టమైనదైనా ఎలాగోలా దారికి వస్తుంది గానీ, ఒక మనిషి గురించి మరో మనిషి రాసిన వాక్యం దగ్గర మాత్రం కలం ముందుకు సాగడం లేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఒక ఉద్యోగిని పనితీరుపై ఆమె పైఅధికారి రాసిన నివేదిక. అందులో ఈ వాక్యం ఉంది: "షి కెన్ కమ్ ఎక్రాస్ యాజ్ అలూఫ్ అంటిల్ యు గెట్ టు నో హర్."

"ఆమె ఎవరితోనూ కలవదు" అని రాస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. "పరిచయమయ్యేదాకా ముభావంగా ఉంటుంది" అన్నా కుదరలేదు. ముభావంగా ఉండటం వేరు, అలా కనబడటం వేరు కదా. ఇలాంటివి అడుగడుగునా తగులుతున్నాయి. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు, ఇతరుల గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషు వాడే పద్ధతులేమిటి? పదాల అర్థాలు నిఘంటువులో దొరుకుతాయి. ఆ వాక్యంలో చూపు ఎవరిది, తీర్పు ఎవరిది అన్నది ఎలా పట్టుకోవాలో తెలిసినవారు చెప్పండి.

నీలిసిరా

సరళరేఖ గారూ, ముందు ఆ వాక్యాన్నే విడదీసి చూద్దాం. చిన్న వాక్యమే గానీ, రాసినవారు ఎంత ఆచితూచి రాశారో చూడండి.

"కెన్" ఇక్కడ సామర్థ్యం కాదు. ఎప్పుడూ అని కాదు, ఒక్కోసారి అని. "కమ్ ఎక్రాస్ యాజ్" అనగానే విషయం ఆమె స్వభావం నుంచి చూసేవారి కళ్లలోకి జరిగిపోయింది. ఆ చూసేవారెవరో చెప్పలేదు. బహుశా పైఅధికారికే అలా అనిపించి ఉంటుంది, కానీ "నాకు" అనే మాట రాయకుండా తప్పుకున్నారు. "అలూఫ్" ఒకప్పుడు నావికుల మాట. ఓడ ఒడ్డుకు కొట్టుకుపోకుండా గాలివైపు తిప్పి ఎడంగా ఉంచమనే ఆజ్ఞ. ఈనాటి అర్థంలోనూ ప్రధానమైనది ఆ ఎడమే, ద్వేషం లేదు. "అంటిల్" అన్నందువల్ల ఆ అభిప్రాయం తర్వాత మారుతుందని భరోసా దొరుకుతోంది. చివరి "యు" నువ్వూ కాదు, మీరూ కాదు. ఎవరైనా సరే అని.

నేనైతే ఇలా రాస్తాను: "చనువు ఏర్పడేదాకా ఆమె కొందరికి అంటీముట్టనట్టు అనిపించవచ్చు." "అనిపించు" అనే క్రియ మనకు ఉండటం గొప్ప అదృష్టం. ఎవరికి అనిపించిందో కావాలంటే చెప్పవచ్చు, వద్దనుకుంటే వదిలేయవచ్చు.

అయితే ఈ పని చేసే క్రియలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. అన్నింటికీ "అనిపిస్తుంది" అని రాసుకుంటూ పోతే తేడాలు చెరిగిపోతాయి. "హి స్ట్రైక్స్ మీ యాజ్ హానెస్ట్" అన్నవారు ఆ అభిప్రాయం తమదేనని ఒప్పుకుంటున్నారు. "సీమ్స్" అంటే పూచీ సగమే తీసుకున్నట్టు. "లుక్స్" కంటికి కనబడినదాన్ని, "సౌండ్స్" చెవిన పడినదాన్ని ఆధారం చేసుకుంటుంది. "మేక్స్ హిమ్సెల్ఫ్ అవుట్ టు బి" అంటే అతను అలా చెప్పుకుంటున్నాడు, నాకు మాత్రం నమ్మకం లేదని. ఇక "హి ఈజ్ హానెస్ట్" దగ్గరికి వచ్చేసరికి చూసేవారే మాయమవుతారు. అభిప్రాయం కాస్తా వాస్తవంగా నిలబడిపోతుంది. ఒకరి గురించి రాసిన ఏ నివేదిక వచ్చినా నేను ముందు వెతికేది "ఈజ్" ఎక్కడెక్కడ వాడారనే.

కొత్తచిగురు

నాదొక సందేహం. ఇంగ్లీషులో "నేను" అనే మాటను వాక్యం మధ్యలో కూడా పెద్ద అక్షరంతోనే రాస్తారు. "నువ్వు"కు ఆ భాగ్యం లేదు. పైగా చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ "యు". వాళ్లు తమను గొప్పగా, ఎదుటివారిని తక్కువగా చూస్తారనడానికి ఇదే గుర్తని విన్నాను. నిజమేనా?

పాతపుస్తకం

కొత్తచిగురు గారూ, ఆ మాట చాలామంది అంటారు. చరిత్ర మాత్రం వేరేలా ఉంది. ప్రాచీన ఇంగ్లీషులో "నేను"ను "ఇచ్" అనేవారు. కాలక్రమంలో చివరి హల్లు రాలిపోయి ఒంటి అచ్చు మిగిలింది. చేతిరాత ప్రతుల్లో ఆ ఒక్క చిన్న గీత పక్క అక్షరాలలో కలిసిపోయేది, కంటికి ఆనేది కాదు. అందుకని లేఖకులు దాన్ని పొడవుగా గీయడం మొదలుపెట్టారు. అచ్చు వచ్చాక ఆ అలవాటే స్థిరపడింది. ఇందులో అహంకారం ప్రసక్తి లేదు. "నన్ను" అనే అర్థంలో వచ్చే "మీ" చిన్న అక్షరంతోనే ఉండిపోయింది చూడండి. గొప్పతనమే కారణమైతే దానికీ పెద్ద అక్షరం దక్కాలి కదా.

"యు" కథ ఇంకా ఆసక్తికరమైనది. మొదట్లో అది బహువచన రూపం. ఒక్కరిని పిలవడానికి "దౌ" ఉండేది. 13వ శతాబ్దం నుంచి, ఫ్రెంచి ప్రభావంతో, గౌరవించవలసిన వ్యక్తి ఒక్కరే అయినా బహువచనంలో పిలవడం మొదలైంది. అచ్చం మన "మీరు" లాగే. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగింది. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆయనను కావాలని "దౌ" అన్నాడు, అలా అంటున్నానని ప్రకటించి మరీ అన్నాడు. "నిన్ను నువ్వనే పిలుస్తాను, ద్రోహీ" అని నిండు న్యాయస్థానంలో ఒక ప్రముఖుడిని అనడం ఎంత అవమానమో తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు.

అదే శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ వర్గంవారు, దేవుడి ముందు అందరూ సమానులేనంటూ, న్యాయమూర్తులను సైతం ఏకవచనంలోనే సంబోధించారు. అందుకు తిట్లు తిన్నారు, దెబ్బలూ తిన్నారు. చివరికి జనం నోట నిలిచింది ఏకవచనం కాదు, గౌరవ రూపమే. ఎదుటి మనిషి అంతస్తు ఏమిటో తేలనప్పుడు కాస్త మర్యాద ఎక్కువ ఇవ్వడమే క్షేమం మరి. అంటే పుట్టుక ప్రకారం చూస్తే ఇంగ్లీషువాళ్లు అందరినీ "నువ్వు" అనడం లేదు, పసిపిల్లలను కూడా "మీరు" అంటున్నారు. నాకు ఆ భాషలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

తర్కశీలి

చరిత్ర బాగుంది. కానీ ఈనాడు "యు" అనేవారి మనసులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. మర్యాద ఆ సర్వనామంలోంచి తప్పుకుని వేరేచోట్ల స్థిరపడింది. మనిషిని పేరుతో పిలవాలా, ఇంటిపేరు ముందు "మిస్టర్" చేర్చాలా, ఒట్టి "సర్" చాలా. ఒక పని చేయమనడానికి "కుడ్ యు" అనాలా, "వుడ్ యు మైండ్" దాకా వెళ్లాలా. ఎదుటివారిని ఎంత ఎత్తులో ఉంచారో అక్కడ చూడాలి.

ఒకే మాట నోరు మారితే ఎలా వినబడుతుందో కూడా గమనించండి. 1989లో మార్గరెట్ థాచర్ తనకు మనవడు పుట్టాడని చెబుతూ "మేము నాయనమ్మ అయ్యాం" అన్న అర్థంలో "వి" వాడారు. రాణులు, రాజులు వాడవలసిన బహువచనాన్ని ప్రధానమంత్రి వాడడం చూసి ఇంగ్లీషువాళ్లే ఆమెను వేళాకోళం చేశారు. వ్యాకరణం చూసి మనుషుల గుణం తేల్చడం తొందరపాటు.

మనోవీధి

మనస్తత్వశాస్త్రం చదువుకున్నదాన్ని. నీలిసిరా గారు "ఈజ్" గురించి చెప్పింది చాలా విలువైన విషయం, దానికి కొంత చేరుస్తాను.

1948లో బీబీసీ రేడియో కార్యక్రమంలో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ఒకే గుణాన్ని మూడు పురుషల్లో చెప్పి చూపించారు. నేనైతే దృఢచిత్తుణ్ణి, నువ్వైతే మొండివాడివి, అతనైతే పట్టిన పట్టు విడవని మూర్ఖుడు అన్న ధోరణిలో. ఇంగ్లీషులో ఇలాంటి జంటలు కోకొల్లలు. నచ్చినవాడు ఖర్చు తగ్గించుకుంటే "థ్రిఫ్టీ", నచ్చనివాడైతే "స్టింజీ". ధీమాగా ఉంటే "కాన్ఫిడెంట్", ఆ ధీమా మనకు గిట్టకపోతే "కాకీ". గట్టిగా మాట్లాడిన మగవాడిని "అసర్టివ్" అన్న నోటితోనే స్త్రీని "బాసీ" అంటారు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే జంట. ప్రవర్తన ఒక్కటే; చూసేవారి ఇష్టాయిష్టాలు పదంలోనే ఇమిడిపోయాయి.

1988లో గున్ సెమిన్, క్లాస్ ఫీడ్లర్ అనే పరిశోధకులు ఒకరి గురించి చెప్పే మాటలను నాలుగు మెట్లుగా విభజించారు. ఒకడు ఇంకొకడిని తోశాడనుకోండి. "పుష్డ్" అంటే కంటికి కనబడిన చేష్ట. "హర్ట్" అంటే ఆ చేష్టకు మన వ్యాఖ్యానం కలిసింది. "హేట్స్" అంటే అతని మనసులోకి తొంగిచూశాం. "అగ్రెసివ్" అనేసరికి ఆ ఒక్క సంఘటనను దాటి మనిషి మీదే ముద్ర వేశాం. పై మెట్టుకు వెళ్లేకొద్దీ ఆధారం తగ్గుతుంది, తీర్పు పెరుగుతుంది. మరుసటి ఏడాది ఆనె మాస్, ఆమె సహచరులు ఇటలీలో గుర్రప్పందెంలో పోటీపడే పేటలవారి మీద ఇదే పరీక్షించారు. తమ పేటవాడు మంచిపని చేస్తే స్వభావంగానూ, చెడ్డపని చేస్తే ఒట్టి చేష్టగానూ చెప్పే మొగ్గు కనిపించింది. ఎదుటి పేటవాడి విషయంలో సరిగ్గా దీనికి తారుమారు.

తర్కశీలి

ఇటలీలో చేసిన పరిశీలన అంటే ఇటాలియన్ మాటలనే కదా చూసింది. అది ఇంగ్లీషు సొత్తు కాదన్నమాట. నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే.

ఇంకొక జాగ్రత్త. మనుషులు తమ పనులకు పరిస్థితులను, ఇతరుల పనులకు స్వభావాన్ని కారణంగా చూపుతారని జోన్స్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు 1971లో ప్రతిపాదించారు. పాఠ్యపుస్తకాలన్నీ దాన్ని సిద్ధాంతంగా చెబుతాయి. 2006లో బెర్ట్రమ్ మాలీ 173 అధ్యయనాలను కలిపి చూస్తే సగటున ఆ తేడా దాదాపు శూన్యమని తేలింది. చెడ్డ సంఘటనల విషయంలో కొంత కనిపించింది, మంచి సంఘటనల్లో ఎదురు తిరిగింది. కాబట్టి "అందరూ ఇలాగే మాట్లాడతారు" అనే మాట ఎవరూ అనకుండా ఉంటే మంచిది.

మనోవీధి

మాలీ చూసింది కారణాలను ఎక్కడ మోపుతారన్నది. నేను చెప్పింది పదాన్ని ఎలా ఎంచుకుంటారన్నది. రెండూ దగ్గరివే గానీ ఒకటి కావు.

ఈ మెట్లు అన్ని భాషల్లోనూ ఉండటమే అనువాదకులకు మేలు. తెలుగులో "తాగాడు" అంటే ఒకనాటి సంగతి, "తాగుతాడు" అంటే అలవాటు, "తాగుబోతు" అంటే మనిషికి మిగిలిన పేరే అది. కోపిష్టి, తిండిపోతు, అబద్ధాలకోరు, అన్నీ ఆ పై మెట్టువే. ఇంగ్లీషు రచయిత "హి డ్రింక్స్" దగ్గర ఆగితే మనమూ "తాగుతాడు" దగ్గరే ఆగాలి. వాక్యం బాగుంటుందని ఒక మెట్టు ఎక్కేస్తే, రచయిత వేయని నింద మనం వేసినట్టవుతుంది.

సరళరేఖ

నీలిసిరా గారూ, మీ వాక్యం అలాగే తీసుకుంటున్నాను. మనోవీధి గారి మెట్లు దగ్గర పెట్టుకుని నివేదిక మొత్తం మళ్లీ చదువుతున్నాను. "సెల్ఫ్" చేరిన మాటల గురించి కూడా ఎవరైనా చెబుతారా? "సెల్ఫ్ కాన్షస్", "సెల్ఫ్ అవేర్", "సెల్ఫ్ పొసెస్డ్", "సెల్ఫ్ ఎఫేసింగ్"... అన్నింటికీ ముందు "ఆత్మ" తగిలిస్తే చదివేవారికి వేదాంతం వినబడుతోంది.

అక్షరవేట

బడిలో ఇంగ్లీషు చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

"సెల్ఫ్ కాన్షస్"కు పిల్లలు "ఆత్మచైతన్యం గల" అని రాస్తారు. 17వ శతాబ్దంలో ఆ మాటకు తన గురించి తనకు ఎరుక ఉండటమనే అర్థం. 19వ శతాబ్దంలో మరో అర్థం బలపడింది: నలుగురూ తననే చూస్తున్నారన్న బెరుకు. ఈనాడు మామూలు వాడుకలో ఈ రెండోదే ఎక్కువ. "హి ఈజ్ సెల్ఫ్ కాన్షస్ అబౌట్ హిజ్ టీత్" అంటే పళ్లు కనబడతాయేమోనని నవ్వడానికి కూడా వెనుకాడతాడని. "సెల్ఫ్ అవేర్" అలా కాదు, తన బలాలూ లోపాలూ తనకు తెలిసినవాడు; అది మెచ్చుకోలు. "సెల్ఫ్ పొసెస్డ్" నిబ్బరం. "సెల్ఫ్ ఎఫేసింగ్" తన గొప్ప చెప్పుకోకుండా వెనక ఉండిపోయే గుణం. "ఒదిగి ఉండే" అంటే చక్కగా సరిపోతుంది. "సెల్ఫ్ రైటియస్" మాత్రం పొగడ్త అనుకుని మోసపోకండి. తానొక్కడే నీతిమంతుడనుకునేవాడు అని.

నలుగురి చూపు మనలో ఎలా చేరుతుందో 1902లో చార్లెస్ కూలీ అనే సామాజికశాస్త్రవేత్త వివరించారు. ఎదుటివారికి నేనెలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను. ఆ రూపం చూసి వారేమనుకుంటున్నారో ఊహించుకుంటాను. దాన్నిబట్టి గర్వపడతాను, లేదా సిగ్గుపడతాను. దీనికి ఆయన అద్దాన్ని పోలికగా వాడారు. "సెల్ఫ్ కాన్షస్" రెండో అర్థంలో ఉన్నది అచ్చంగా ఇదే.

అంతకు ముందే, 1890లో, మనస్తత్వవేత్త విలియం జేమ్స్ "ఐ", "మీ" అనే రెండు చిన్న మాటలతోనే మనిషిని రెండుగా చూపించారు. చూసే నేను ఒకరు, చూడబడే నేను మరొకరు. ఇంగ్లీషు జాతీయాల్లో ఈ చీలిక ఎప్పుడూ ఉన్నదే. పట్టరాని కోపంలో "బిసైడ్ మైసెల్ఫ్" అంటే తన పక్కన తానే నిలబడినట్టు. ఒంట్లో బాగాలేకపోతే "నాట్ మైసెల్ఫ్ టుడే". చెదిరిపోయినవారిని ఓదారుస్తూ "పుల్ యువర్సెల్ఫ్ టుగెదర్". గర్విష్ఠిని "ఫుల్ ఆఫ్ హిమ్సెల్ఫ్" అంటారు, అతనిలో అతనే నిండిపోయి మరొకరికి చోటు లేనట్టు. వీటిని మాటకు మాట తెలుగు చేయవద్దు. మనం ఆ పనిని ఒంటికీ మనసుకూ అప్పగిస్తాం: ఒళ్లు తెలియని కోపం, మనసు మనసులో లేదు, గుండె చిక్కబట్టుకో, కళ్లు నెత్తికెక్కాయి. అవి చక్కగా పనిచేస్తాయి.

కొత్తచిగురు

అక్షరవేట గారూ, ఇది దాచుకుంటున్నాను. ధన్యవాదాలు.

సరళరేఖ

మరో చిక్కు. నివేదికలో ఒక వ్యక్తిని మొదటి నుంచి చివరిదాకా "దే" అని రాశారు. ఒక్క మనిషే. ఏం చేయాలి?

పాతపుస్తకం

ఏకవచన "దే" కొత్తదేమీ కాదు. స్త్రీయో పురుషుడో తెలియని వ్యక్తి విషయంలో 14వ శతాబ్దం నుంచీ వాడుతున్నారు. ఫలానా వ్యక్తి తనను స్త్రీగానో పురుషుడిగానో చెప్పుకోనప్పుడు వాడడం మాత్రం ఇటీవలిది. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు దాన్నే ఆ ఏటి పదంగా ప్రకటించింది. తెలుగులో "వారు", "తాము" మీకు తోడుంటాయి. గౌరవ బహువచనం మనకు అలవాటే కాబట్టి చదివేవారికి ఎబ్బెట్టుగా ఉండదు.

నీలిసిరా

"దే" కంటే "హి", "షి" ఎక్కువ కష్టం, నన్నడిగితే.

ఇంగ్లీషు "హి"లో ఆ మనిషిని చెప్పేవారు ఎలా చూస్తున్నారో ఏమీ తెలియదు. తెలుగులో ఆయన, అతను, వాడు అనే మూడు దారుల్లో ఒకటి పట్టాల్సిందే, క్రియ కూడా దాని వెంట మారాలి. వచ్చారు, వచ్చాడు. ఇంగ్లీషు రచయిత తీసుకోని నిర్ణయం అనువాదకులు మొదటి వాక్యంలోనే తీసుకోవాలి. నవలలో ఒకే మనిషి తల్లి నోట "వాడు", కింది ఉద్యోగి నోట "ఆయన", విడిపోయిన స్నేహితుడి నోట ఒకసారి "అతను", కోపం వస్తే "వాడు". మూలంలో అన్నీ "హి"లే. ఇక్కడ మనం మూలానికి ఏదో తగిలిస్తున్నామని కొందరు బాధపడతారు. నేను పడను. మూలంలో ఆ చూపు సర్వనామంలో లేకపోయినా విశేషణాల్లో, పిలుపుల్లో, వాక్యం వేగంలో ఉంటుంది. దాన్ని ఏరి తెచ్చి మన సర్వనామంలో పెడుతున్నాం, అంతే.

మీ నివేదికలో నేనైతే అందరికీ ఒకే గౌరవ రూపం వాడతాను. పొగిడినవారిని "ఆయన", విమర్శించినవారిని "అతను" అని రాస్తే తీర్పు మీరే ఇచ్చినట్టవుతుంది.

మనోవీధి

ఇదే కోవలో ఇంకొకటి. "ది పూర్", "ది డిజేబుల్డ్" అని గుణాన్నే మనిషి పేరు చేయడం వద్దని 2023 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సూచించింది. ఆ జాబితాలో "ది ఫ్రెంచ్" కూడా చేర్చడంతో గేలికి గురై, ఆ సందేశాన్ని తొలగించింది. జాబితా సంగతి పక్కనపెడితే ఆలోచన సరైనదే. "పీపుల్ విత్ డిజెబిలిటీస్" అన్నప్పుడు మనిషి ముందు వస్తాడు. కానీ బధిరుల్లో, ఆటిజం ఉన్నవారిలో చాలామంది అది తమ గుర్తింపులో భాగమని, దాన్నే ముందు చెప్పమని కోరుతారు. ఆ వ్యక్తి తనను తాను ఏమని చెప్పుకుంటున్నారో మూలంలో ఉంటే, దాన్నే పాటించండి.

కొత్తచిగురు

చివరిగా ఒకటి అడగవచ్చా? ఓడిపోయిన ఆటగాడిని విలేకరి ప్రశ్నిస్తే "యు ట్రెయిన్ హార్డ్, యు గివ్ ఎవ్రీథింగ్, అండ్ యు స్టిల్ లూజ్" అన్నాడు. కష్టపడింది అతనే. విలేకరిని ఎందుకు కలిపాడు?

మనోవీధి

విలేకరిని కలపలేదు. నీలిసిరా గారు మొదట్లో చెప్పిన "ఎవరైనా సరే" అన్న "యు" అది. ఏరియానా ఆర్వెల్, ఈథన్ క్రాస్, సూసన్ గెల్మన్ 2017లో దీనిమీదే పరిశోధన ప్రచురించారు. చేదు అనుభవాన్ని తలచుకునేటప్పుడు మనుషులు ఈ "యు"ను ఎక్కువగా వాడతారని, దానివల్ల ఆ అనుభవం నుంచి కొంత ఎడం దొరుకుతుందని వారు చూపించారు. "నేను ఓడిపోయాను" అనడం కష్టం. ఓటమి లోకసహజమన్నట్టు చెబితే భారం కొంత తగ్గుతుంది.

నీలిసిరా

దీనికి తెలుగులో "మనం" ఉంది. "ఎంత సాధన చేసినా, సర్వశక్తులూ ఒడ్డినా, ఒక్కోసారి మనం ఓడిపోతాం." "మేము" అంటే జట్టు గురించి చెప్పినట్టవుతుంది, వినేవారు బయట ఉండిపోతారు. "మనం" అయితే వినేవారు కూడా కలుస్తారు, ఆటగాడికి కావలసింది అదే. ఇంగ్లీషు "వి"లో ఈ తేడా లేదు, కాబట్టి "వి" కనబడినప్పుడల్లా వినేవారు లోపల ఉన్నారా, బయట ఉన్నారా అని చూసుకోవాలి.

అక్షరవేట

ఆ "యు"ను గుర్తుపట్టడానికి పిల్లలకు ఒక ఆనవాలు చెబుతుంటాను. ఎవరైనా సరే అన్న "యు" ఎక్కువగా వర్తమానకాల క్రియతో వస్తుంది, ఎందుకంటే అది ఎప్పుడూ జరిగేదాన్ని చెబుతోంది. "యు లూజ్" అంటే మనం. "యు లాస్ట్" అని భూతకాలం కనబడితే దాదాపుగా ఎదురుగా ఉన్న మనిషినే అంటున్నారు. అప్పుడు "నువ్వు" అనాలో "మీరు" అనాలో తేల్చుకోవాలి.